క్యాథెటర్ పెట్టకుండా బ్లాడర్‌లోకి మందు: ఎవరైనా చేయించుకున్నారా?

వానచినుకు:
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా అమ్మకి ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ (ఇన్ఫెక్షన్ లేకుండానే బ్లాడర్‌లో వదలని మంట, నొప్పి ఉండే జబ్బు) అని తేల్చారు. వారానికోసారి హయలురోనిక్ యాసిడ్ మందు బ్లాడర్‌లోకి ఎక్కిస్తున్నారు. మందు పనిచేస్తోంది, అందులో అనుమానం లేదు. రాత్రిళ్లు లేవడం తగ్గింది, కింద పొట్టలో ఆ మంట కూడా కాస్త నెమ్మదించింది. బాధంతా మందు కోసం మూత్రనాళంలోకి పైపు (క్యాథెటర్) పెట్టేటప్పుడే. పెట్టినప్పుడు ఒక బాధ, తీసేశాక రెండు మూడు రోజులు యూరిన్‌కి వెళ్లినప్పుడల్లా కోసినట్టు నొప్పి. ఆ నొప్పి తగ్గేసరికి మళ్లీ డేట్ వచ్చేస్తుంది. నిన్న అమ్మ "ఇక నా వల్ల కాదు, మందు ఆపేయమని చెప్పు" అంది.

వెయిటింగ్ హాల్లో ఒకావిడ చెప్పారు, క్యాథెటర్ లేకుండా సిరంజి మూతికి చిన్న తొడుగులాంటిది పెట్టి మందు పంపిస్తారట. మా డాక్టర్‌ని అడిగితే "అలాంటివి విన్నాం, చూద్దాం" అన్నారు అంతే. ఇది నిజంగా ఉన్నదేనా? బయటి నుంచి తోస్తే మందు లోపలిదాకా ఎలా వెళ్తుంది? అమ్మ వయసు అరవై దాటింది, భయస్తురాలు కూడా.

నైట్‌డ్యూటీ (నర్సు):
వానచినుకు గారూ, ఉన్నదే. దాని గురించి తెలిసినవాళ్లు చెప్తారు, నేను కూడా రాస్తాను. ముందు మీ అమ్మగారికి ఇప్పుడు పైపు ఎలా పెడుతున్నారో చెప్పండి. ఎంత సైజు? మొద్దుబార్చే లిగ్నోకెయిన్ జెల్లీ వేస్తున్నారా? వేశాక ఎంతసేపు ఆగుతున్నారు?

ఎందుకు అడుగుతున్నానంటే, జెల్లీ వేసి వెంటనే పైపు పెట్టేస్తే అది జారడానికి పనికొస్తుంది తప్ప మొద్దుబారడానికి కాదు. కనీసం ఐదు నిమిషాలు, వీలైతే పది నిమిషాలు ఆగాలి. రద్దీగా ఉన్న ఓపీలో ఎవరూ ఆగరు. ఇక సైజు సంగతి. క్యాథెటర్ కొలత ఫ్రెంచ్‌లలో ఉంటుంది, మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. 12 ఫ్రెంచ్ అంటే 4 మి.మీ. లావు. మందు ఎక్కించడానికి అంత లావు అక్కర్లేదు, 8 ఫ్రెంచ్‌తో కూడా హాయిగా వెళ్తుంది. నీళ్లు తగిలితే జారుడుగా మారే పూత ఉన్న హైడ్రోఫిలిక్ క్యాథెటర్లు ఉంటాయి, అవి అడగండి. కొత్త పద్ధతి దొరికేలోపు ఇవి రేపే మొదలుపెట్టించుకోవచ్చు.

వానచినుకు:
సైజు ఎప్పుడూ అడగలేదండి. జెల్లీ వేస్తారు, కానీ మీరన్నట్టే వేసిన చేత్తోనే పైపు కూడా పెట్టేస్తారు. ఈసారి అడుగుతాను.

పాతకాపు:
ఈ చర్చ చూడగానే ప్రాణం లేచొచ్చింది. నాది బ్లాడర్ క్యాన్సర్, కండరంలోకి దిగని రకం. గడ్డ తీసేశారు, ఇప్పుడు బ్లాడర్‌లోకి పైపుతో వేసే బీసీజీ మందు నడుస్తోంది. మొదటి కోర్సు వారానికోటి చొప్పున ఆరు వారాలు అయిపోయింది. ఇప్పుడు మెయింటెనెన్స్ అంటూ కొన్ని నెలలకోసారి మూడు వారాల విడతలు. మొత్తం మూడేళ్ల ప్లాన్ చేతిలో పెట్టారు. ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు క్యాన్సర్ కంటే పైపే ఎక్కువ గుర్తొస్తుంది.

ఆడవాళ్లకి ఆ దారి నాలుగు సెంటీమీటర్లేనట. మా మగవాళ్లకి ఇరవై దాకా ఉంటుంది, పైగా మధ్యలో ప్రోస్టేట్ కాపలా. అక్కడికి చేరగానే నేను బిగుసుకుపోతాను, నర్సమ్మ "రిలాక్స్ అవ్వండి" అంటుంది. ఆ మాట వినగానే ఇంకా బిగుసుకుంటాను. ఈ తొడుగు నాలాంటివాడికి కూడా పనికొస్తుందా?

సందేహం:
నాకు ఇందులో నమ్మకం కుదరడం లేదు. మూత్రం కారకుండా పట్టి ఉంచడానికే కదా అక్కడ కండరం ఉన్నది. బయటి నుంచి ఒత్తిడి పెట్టి దాన్ని తెరుస్తామంటే, ఆ ఒత్తిడి బ్లాడర్‌తో ఆగుతుందా? కిడ్నీల వైపు ఎదురెక్కితే ఎవరు జవాబుదారీ? ఇలాంటివి తెలియకుండా ఒకరికొకరు సలహాలిచ్చుకోవడం మంచిది కాదు. ఎవరైనా డాక్టరు చెప్తే వింటాను.

నీలిగీత (యూరాలజీ వైద్యుడు):
సందేహం గారి ప్రశ్న సరైనదే, దాన్నుంచే మొదలుపెడతాను.

మూత్రనాళం గుండా బయటి నుంచి ద్రవం పంపడం కొత్త సంగతేమీ కాదు. మగవాళ్లలో మూత్రనాళం ఎక్కడ సన్నబడిందో చూడటానికి మూతి దగ్గర సిరంజి ఆనించి కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎక్స్‌రే తీయడం ఎన్నో దశాబ్దాలుగా ఉంది. అంతదాకా ఎందుకు, క్యాథెటర్‌కి ముందు వేసే జెల్లీ ఎలా వెళ్తోంది? సన్నటి మూతి ఉన్న ట్యూబుతో బయటి నుంచి నొక్కితేనే కదా. ఆ పనినే కాస్త పద్ధతిగా, బ్లాడర్ దాకా చేరేలా చేయడమే ఈ తొడుగు, అంటే అడాప్టర్, ఉద్దేశం. ఇందులో ముఖ్యంగా చెప్పుకోవాల్సింది షాండోర్ లోవాస్ అనే హంగేరీ యూరాలజిస్ట్ తీసుకొచ్చిన యూరోడాప్టర్. శంఖువు ఆకారంలో ఉన్న చిన్న మెత్తటి మూతి, మామూలు సిరంజికే బిగుస్తుంది. దాన్ని మూత్రద్వారం దగ్గర లీక్ లేకుండా ఆనించి మెల్లగా నొక్కుతారు. లోపలికి ఏ గొట్టమూ పోదు. మూత్రనాళం గోడలకి రాపిడి ఉండదు, కాబట్టి తర్వాతి రోజుల మంట కూడా తగ్గుతుంది. బయటి క్రిములు గొట్టంతోపాటు లోపలికి జరిగే అవకాశమూ తగ్గుతుంది.

కండరం సంగతి. స్పింక్టర్‌ని బలవంతంగా తెరవడం కాదు ఇక్కడ జరిగేది. పేషెంట్ మూత్రం పోస్తున్నట్టు అనుకుని వదిలేస్తే అది తెరుచుకుంటుంది, ద్రవం వెళ్తుంది. బిగబడితే వెళ్లదు, మందు పక్క నుంచి కారిపోతుంది. అప్పుడు గట్టిగా నొక్కడం పరిష్కారం కాదు, ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. కిడ్నీల వైపు ఎదురెక్కడం గురించి: మూత్రాన్ని తెచ్చే యురేటర్లు బ్లాడర్ గోడలోంచి ఏటవాలుగా దిగుతాయి, బ్లాడర్ నిండేకొద్దీ ఆ దారి దానంతటదే నొక్కుకుపోతుంది. పెద్దవాళ్ల బ్లాడర్ 400 నుంచి 500 మి.లీ. పట్టే చోట మనం పంపేది 40, 50 మి.లీ. మాత్రమే. అయితే అలా ఎదురెక్కడం (రిఫ్లక్స్) ఉందని ముందే తెలిసినవాళ్లు, బ్లాడర్ బాగా కుంచించుకుపోయినవాళ్లు, మూత్రనాళం సన్నబడి స్ట్రిక్చర్ ఉన్నవాళ్లు, ఇప్పుడు ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. యూరిన్ టెస్ట్ చేసి ఇన్ఫెక్షన్ లేదని తేలాకే ఏ పద్ధతైనా.

వానచినుకు గారి అమ్మగారి లాంటివాళ్లకి ఇందులో ఇంకో లాభం ఉంది. బ్లాడర్ లోపలి గోడ మీద గ్యాగ్ పొర అని ఒక రక్షణ పొర ఉంటుంది. అది దెబ్బతినడం వల్ల మూత్రంలోని లవణాలు లోపలికి ఇంకి మంట పుడుతుందనేది ఈ జబ్బు గురించి ఎక్కువగా చెప్పే వివరణ. హయలురోనిక్ యాసిడ్, కాండ్రాయిటిన్ సల్ఫేట్ ఆ పొరను నింపడానికే. ఈ పేషెంట్లలో చాలామందికి మూత్రనాళం కూడా నొప్పిగానే ఉంటుంది. క్యాథెటర్‌తో వేస్తే మందు మూత్రనాళాన్ని దాటేసి నేరుగా బ్లాడర్‌లో పడుతుంది. అడాప్టర్‌తో వేస్తే దారంతా మందు తగులుతూ వెళ్తుంది.

లోపం కూడా చెప్పాలి. క్యాథెటర్ పెడితే లోపల మిగిలిన మూత్రం మొత్తం బయటికి తీసేయొచ్చు. అడాప్టర్‌తో అది కుదరదు. కాబట్టి మూత్రం పోసుకున్నాక కూడా బాగా మిగిలిపోయేవాళ్లకి మందు పలచబడిపోతుంది. ఒకసారి స్కాన్‌లో మిగులు ఎంతో చూసుకుని దిగడం మంచిది.

సందేహం:
ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్ డాక్టర్ గారూ. రిఫ్లక్స్ గురించి సమాధానం దొరికింది. కానీ ఇంకోటి. ఇంత తిప్పలెందుకు, మాత్రలు లేవా? ఒంటికి అంటించే ప్యాచ్‌లు కూడా వచ్చాయి కదా.

పాతకాపు:
నా ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. మగవాళ్లకి? బీసీజీకి?

నీలిగీత (యూరాలజీ వైద్యుడు):
పాతకాపు గారూ, మీది వదిలేయలేదు, విడిగా రాద్దామని ఆగాను.

మగవాళ్లకి అడాప్టర్ వాడతారు. దారి పొడుగు కాబట్టి ఇంకా నెమ్మదిగా నొక్కాలి, పేషెంట్ సహకారం ఇంకా ఎక్కువ కావాలి. మీ అడ్డంకి అది కాదు, మీ మందు. బీసీజీ అంటే బలహీనపరిచిన బతికున్న బ్యాక్టీరియా. 1976లో కెనడాలో ఆల్వరో మోరేల్స్ దాన్ని బ్లాడర్ క్యాన్సర్‌కి వాడిన ఫలితాలు ప్రచురించినప్పటి నుంచి ఈ జబ్బుకి దానికి సాటివచ్చేది దొరకలేదు. కానీ ఆ బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తే ప్రమాదం. అందుకే మందు కాగితం మీదే రాసి ఉంటుంది: క్యాథెటర్ ద్వారా పైనుంచి దానంతటదే దిగేలా నెమ్మదిగా వదలాలి, సిరంజి పిస్టన్ నొక్కి తోయకూడదు అని. అడాప్టర్ పనిచేసేదే నొక్కడం మీద. రెండూ కుదరవు. గడ్డ తీసిన వెంటనే బీసీజీ వేయకుండా వారం రెండు వారాలు ఆగేదీ, పైపు పెట్టేటప్పుడు రక్తం వస్తే ఆ రోజు వాయిదా వేసేదీ ఇందుకే.

మైటోమైసిన్, జెమ్‌సైటబిన్ లాంటి కీమో మందుల విషయంలో భయం ఇంకోటి. పక్కకి ఒక చుక్క కారినా మీ చర్మానికీ, వేసే నర్సు చేతికీ ప్రమాదం. లీక్ అయ్యే అవకాశం ఉన్న పద్ధతిలో వాటిని వేయమని నేను ఎవరికీ చెప్పను.

నైట్‌డ్యూటీ (నర్సు):
డాక్టర్ గారు చెప్పిన చివరి ముక్క నర్సులం మేం రోజూ చూసేదే. కీమో మందు వేసేటప్పుడు గ్లోవ్స్, గౌను, కళ్లద్దాలు అన్నీ వేసుకుని నిలబడతాం. బీసీజీ వేసుకున్నవాళ్లు ఇంటికెళ్లాక ఆరు గంటలపాటు కూర్చునే మూత్రం పోయాలనీ, టాయిలెట్‌లో బ్లీచ్ పోసి పావుగంట ఆగి ఫ్లష్ చేయాలనీ చెప్తాం. మందు అంత గట్టిది. పాతకాపు గారూ, ఇవి పాటిస్తున్నారా?

పాతకాపు:
పాటిస్తున్నానమ్మా. మా ఆవిడ బ్లీచ్ డబ్బా పట్టుకుని తలుపు బయటే నిలబడుతుంది. నాకు ఈ వయసులో కాపలా అవసరమా అంటే వినదు.

సరే, తొడుగు నాకు కాదని తేలిపోయింది. మరి పేపర్లో చదివాను, బ్లాడర్‌లో ఏదో పరికరం పెట్టేస్తే మూడు వారాలు మందు దానంతటదే వదులుతుందట?

నీలిగీత (యూరాలజీ వైద్యుడు):
చదివింది నిజమే. టార్-200 అనే పేరుతో పరీక్షించారు, 2025 సెప్టెంబర్‌లో అమెరికాలో ఇన్‌లెక్జో పేరుతో అనుమతి వచ్చింది. మెలికలు తిరిగిన సన్నటి గొట్టం లాంటి పరికరం, అందులో జెమ్‌సైటబిన్ ఉంటుంది. మూడు వారాలు లోపలే ఉండి మందు వదులుతుంది, తర్వాత తీసి కొత్తది పెడతారు. మొదటి ఆరు నెలలు మూడు వారాలకోసారి, ఆ తర్వాత పన్నెండు వారాలకోసారి. కానీ గమనించండి. పెట్టడానికి ఒక ప్రత్యేకమైన క్యాథెటరే కావాలి, తీయడానికి సిస్టోస్కోప్ (బ్లాడర్ లోపల చూసే కెమెరా గొట్టం) కావాలి. పైగా అనుమతి ఇచ్చింది బీసీజీకి లొంగని కార్సినోమా ఇన్ సిటు (లోపలి పైపొరలోనే ఉండే క్యాన్సర్) ఉన్నవాళ్లకి. మీకు బీసీజీ పనిచేయడం లేదని మీరు చెప్పలేదు. పనిచేసే మందుని పైపు కోసం వదులుకోవద్దు.

అదే ఏడాది జూన్‌లో జస్‌డూరి అనే మైటోమైసిన్ జెల్‌కి కూడా అనుమతి వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు ద్రవం, ఒంటి వేడికి జెల్. బ్లాడర్‌లో ఎక్కువసేపు అంటుకుని ఉంటుంది. దాన్నీ క్యాథెటర్‌తోనే, వారానికోటి చొప్పున ఆరుసార్లు వేస్తారు. క్యాన్సర్ వైపు వస్తున్న కొత్త మందులు మందు లోపల నిలిచే సమయాన్ని పెంచుతున్నాయి, క్యాథెటర్‌ని మాత్రం తీసేయడం లేదు.

ఎగిరేచక్రాలు:
కాస్త ఎదురు మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. నాకు వెన్నుపూస దెబ్బతింది, వీల్‌చైర్‌లో ఉంటాను. రోజుకి నాలుగైదు సార్లు నేనే క్యాథెటర్ పెట్టుకుని మూత్రం తీసుకుంటాను. 1972లో అమెరికాలో లాపిడీస్ అనే డాక్టర్, స్టెరైల్ గదులు అక్కర్లేదు, శుభ్రమైన చేతులు చాలు, పేషెంటే చేసుకోవచ్చు అని చూపించాడు. ఆయన పుణ్యాన మాలాంటివాళ్ల కిడ్నీలు నిలిచాయి. ఇక్కడ అందరూ క్యాథెటర్‌ని రాక్షసుడిలా మాట్లాడుతుంటే నాకు నవ్వొచ్చింది.

బ్లాడర్ బిగువు తగ్గించే ఆక్సిబ్యుటినిన్ మాత్రలతో నాకు నోరు ఎండిపోయి, మలబద్ధకంతో నరకం చూశాను. ఇప్పుడు అదే మందుని ద్రవంగా, ఎలాగూ పెట్టుకునే క్యాథెటర్‌లోంచే బ్లాడర్‌లోకి వేసుకుంటున్నాను. నోరు ఎండటం చాలా తగ్గింది. మూత్రం దానంతటదే రానివాళ్లకి అడాప్టర్‌తో పని లేదు, ఎలాగైనా ఖాళీ చేయాల్సిందే కదా. క్యాథెటర్ వద్దు అనుకునే ముందు అది ఎవరికి వద్దో చూడాలి.

వానచినుకు:
మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించండి అన్నయ్యా. అమ్మ బాధ చూసి రాసింది.

ఎగిరేచక్రాలు:
అయ్యో, నొప్పి ఏముందమ్మా. అమ్మగారి జబ్బులో ఆ దారే పుండులా ఉంటుంది, నాకు అక్కడ స్పర్శే సరిగా లేదు. పోలికే లేదు.

నీలిగీత (యూరాలజీ వైద్యుడు):
ఎగిరేచక్రాలు గారు సందేహం గారి ప్రశ్నకి సగం జవాబు ఇచ్చేశారు. మాత్రలు ఉన్నాయి. అతిచురుకు బ్లాడర్‌కి (మాటిమాటికీ మూత్రం ఆపుకోలేనంతగా వచ్చే జబ్బుకి) ఆక్సిబ్యుటినిన్, సోలిఫెనసిన్ లాంటివి, వేరే దారిలో పనిచేసే మిరాబెగ్రాన్. ఆక్సిబ్యుటినిన్ ప్యాచ్, చర్మానికి రాసే జెల్ కూడా ఉన్నాయి. అవి లివర్‌ని తప్పించుకుని నేరుగా రక్తంలో కలుస్తాయి కాబట్టి నోరు ఎండటం తక్కువ. అతిచురుకు బ్లాడర్ ఉన్నవాళ్లకి బ్లాడర్‌లోకి మందు వేయాల్సిన అవసరం సాధారణంగా రాదు. పెద్దవయసువాళ్లకి ఆక్సిబ్యుటినిన్ లాంటివి మతిమరుపుని పెంచవచ్చు, అది డాక్టర్‌తో మాట్లాడాలి.

చిక్కు ఎక్కడంటే, బ్లాడర్ లోపలి గోడ ఒంట్లోకెల్లా గట్టి అడ్డుగోడల్లో ఒకటి. మూత్రం తిరిగి రక్తంలోకి ఇంకకుండా ఉండటానికి దాన్ని అలా కట్టింది ప్రకృతి. మాత్ర వేసుకుంటే మందు ఒళ్లంతా తిరిగి ఆ గోడకి చేరేది కొంచెమే. కిడ్నీల ద్వారా మూత్రంలో బాగా పేరుకునే మందులకి ఈ బాధ లేదు. ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల ఒక్క డోసు అందుకే సరిపోతుంది. హయలురోనిక్ యాసిడ్ అలా కాదు, మింగితే బ్లాడర్ గోడకి చేరదు. ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్‌కి పెంటోసాన్ అనే మాత్ర ఉంది, 1996 నుంచి అమెరికాలో వాడుకలో ఉంది. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కంటి రెటీనా దెబ్బతింటోందని గమనించి 2020లో దాని మీద హెచ్చరిక చేర్చారు. వాడుతున్నవాళ్లు కంటి పరీక్ష మానకండి.

మల్లి:
ఆలస్యంగా చూశాను. నాకూ ఇదే జబ్బు, అడాప్టర్ వాడుతున్నాను, ఇంట్లో నేనే వేసుకుంటాను. పుస్తకంలో లేనివి రాస్తాను.

మొదటి మూడు నాలుగుసార్లు క్లినిక్‌లో నర్సు చేత వేయించుకుని నేర్చుకోవాలి. సొంతంగా మొదలుపెట్టకండి. వెల్లకిలా పడుకుంటే నాకు కుదరలేదు. వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు, మోకాళ్లు పక్కలకి వదిలేసి వేసుకుంటాను. ముందు మూత్రం పూర్తిగా పోసుకోవాలి, లేచి ఒక నిమిషం నడిచి మళ్లీ పోసుకుంటాను, ఇంకొంచెం వస్తుంది. సిరంజిలో గాలి లేకుండా, అడాప్టర్ మూతి దాకా మందు వచ్చేదాకా నెట్టాలి. మందు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వేస్తే బ్లాడర్ ముడుచుకుంటుంది, గది వేడికి రానివ్వాలి.

ఆనించాక వెంటనే నొక్కకూడదు. పొడుగ్గా ఊపిరి వదులుతూ మూత్రం పోస్తున్నట్టు కింద వదలాలి. ఆ వదిలేటప్పుడే పిస్టన్ మీద వేలు. మొదట కాస్త గట్టిగా అనిపిస్తుంది, తర్వాత ఒక్కసారిగా సిరంజి తేలికవుతుంది. అది తెలిసిపోతుంది, తలుపు గడియ జారినట్టు. అక్కణ్నుంచి 50 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో పోతుంది. మధ్యలో దగ్గు వస్తే ఆపేయాలి. చివర్లో అడాప్టర్ తీయగానే లేవకండి, కొన్ని చుక్కలు కారతాయి, టిష్యూ దగ్గర పెట్టుకోండి. ఆ చుక్కలు చూసి మందంతా పోయిందని కంగారు పడనక్కర్లేదు.

తర్వాత అరగంటైనా పట్టి ఉంచాలని మా డాక్టర్ చెప్పారు. నేను ఇంకా ఎక్కువసేపే ఉంచుకుంటున్నాను. మందు రోజు ఉదయం నుంచి నీళ్లు తక్కువ తాగుతాను, లేకపోతే మధ్యలోనే పరిగెత్తాలి.

నొప్పి? ఆనించిన చోట కాస్త ఒరిపిడి. మర్నాడు మంట లేదు. క్యాథెటర్ రోజుల్లో నేను మందు డేట్‌కి ముందు రోజు నుంచే టెన్షన్ పడేదాన్ని, ఆ బిగువుకే సగం నొప్పి వచ్చేదనుకుంటా.

వానచినుకు:
మల్లి అక్కా, ఇది ప్రింట్ తీసి అమ్మకి చదివి వినిపించాను. "ఆవిడని ఒకసారి ఫోన్‌లో మాట్లాడించు" అంటోంది!

మల్లి:
తప్పకుండా, మెసేజ్ పెట్టు.

సుఖజీవి99:
మిత్రులారా ఇన్ని తిప్పలు ఎందుకు? మా దగ్గర మూలికా చూర్ణం ఉంది, ఇరవై ఒక్క రోజుల్లో బ్లాడర్ జబ్బులన్నీ మాయం, క్యాన్సర్‌తో సహా. పైపు లేదు, సిరంజి లేదు. వివరాలకి

మోడరేటర్:
పై పోస్టులోని నంబరు, లింకు తీసేశాం. మిగతాది ఉంచాం, అందరూ చూడటానికే. పాతకాపు గారి లాంటివాళ్లు ఇక్కడ చదువుతున్నారు. క్యాన్సర్ మందు మానేయమనే పోస్టు ఇంకొకటి వస్తే ఖాతా మూసేస్తాం.

పాతకాపు:
మోడరేటర్ గారూ, నేను అంత తేలిగ్గా పడను లెండి. ఇరవై ఒక్క రోజుల్లో మాయమయ్యేది డబ్బే.

సందేహం:
డాక్టర్ గారూ, ఒక్క ప్రశ్న. వానచినుకు గారి అమ్మగారికి లిగ్నోకెయిన్‌నే బ్లాడర్‌లోకి పంపించకూడదా, హయలురోనిక్ బదులు? నొప్పి వెంటనే తగ్గుతుంది కదా.

నీలిగీత (యూరాలజీ వైద్యుడు):
పంపిస్తారు. కానీ వట్టి లిగ్నోకెయిన్ ఆ గోడని సరిగా దాటదు. సోడియం బైకార్బొనేట్ కలిపి క్షారగుణం తెస్తే లోపలికి ఇంకుతుంది. దానికి హెపారిన్ కూడా కలిపి ఇచ్చే పద్ధతి ఉంది, బాగా నొప్పిగా ఉన్న రోజుల్లో వెంటనే ఊరట ఇస్తుంది. పాళ్లు తప్పితే సిరంజిలోనే తెల్లగా విరిగిపోతుంది, ఇంట్లో కలుపుకునేది కాదు. డీఎంఎస్‌ఓ అని ఇంకోటి ఉంది, 1978లో అమెరికాలో ఈ జబ్బుకి అనుమతి పొందింది. పావుగంట ఉంచితే చాలు, కానీ ఒకటి రెండు రోజులు ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పుకోవాలి.

ఇంకో మాట. సిస్టోస్కోపీలో బ్లాడర్ గోడ మీద హన్నర్ పుండ్లు అనేవి కనిపించినవాళ్లకి లోపలికి మందు పంపడం ఒక్కటే సాధారణంగా సరిపోదు. వాటిని కాల్చడమో, అక్కడే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడమో చేయాలి. వానచినుకు గారూ, అమ్మగారి సిస్టోస్కోపీ రిపోర్టులో ఆ మాట ఉందేమో చూడండి.

వానచినుకు:
చూశానండి, పుండ్లు లేవని రాసి ఉంది.

వానచినుకు:
ఎలా జరిగిందో చెప్దామని వచ్చాను. మా డాక్టర్ ఒప్పుకున్నారు. మూత్రం పోసుకున్నాక స్కాన్ చేస్తే మిగులు తక్కువే ఉంది, ఇన్ఫెక్షన్ లేదు. అడాప్టర్ తెప్పించడానికి కాస్త సమయం పట్టింది. ఆలోపు ఒకసారి సన్నటి 8 ఫ్రెంచ్ క్యాథెటర్‌తో, జెల్లీ వేసి గడియారం చూసి పది నిమిషాలు ఆగి వేశారు. నైట్‌డ్యూటీ గారూ, మీకు చేతులెత్తి దండం. ఆ ఒక్క మార్పుకే అమ్మ నొప్పి బాగా తగ్గింది.

తర్వాత అడాప్టర్. మొదటిసారి సగం మందు బయటికే పోయింది. అమ్మ బిగుసుకుపోయింది, వేసే సిస్టర్ కూడా కొత్త కాబట్టి కంగారుపడి గట్టిగా నొక్కింది. అమ్మ ఏడ్చేసింది, నొప్పికి కాదు, ఇది కూడా కుదరలేదన్న దిగులుకి. తర్వాతి వారం మల్లి అక్క చెప్పినట్టు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. సిస్టర్ ఊపిరి లెక్కపెడుతూ చేసింది. మధ్యలో అమ్మే "ఆ, ఇప్పుడు పోతోంది" అంది. మొత్తం వెళ్లింది. మర్నాడు మంట లేదు. ఆ తర్వాత వేసినప్పుడూ లేదు.

నైట్‌డ్యూటీ (నర్సు):
చాలా సంతోషం. ఆ సిస్టర్‌కి కూడా చెప్పండి, ఇది చేతికి అలవాటయ్యే పనే, రెండు మూడుసార్లకి వస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: జ్వరం, చలి, మూత్రంలో రక్తం, నడుము పక్కన నొప్పి, వీటిలో ఏది వచ్చినా తర్వాతి డోసు దాకా ఆగకుండా వెళ్లిపోవాలి. అడాప్టరే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. అడాప్టర్ ఒకసారి వాడి పారేసేది, కడిగి మళ్లీ వాడొద్దు.

పాతకాపు:
నాకు తొడుగు లేకపోయినా ఈ చర్చ వల్ల ఒకటి జరిగింది. మొన్న వెళ్లినప్పుడు సన్నటి పైపు అడిగాను, జెల్లీ వేశాక టైమ్ చూసుకోమన్నాను. నర్సమ్మ "ఎక్కడ నేర్చుకున్నారు ఇవన్నీ" అంది. రిలాక్స్ అవ్వమని మాత్రం అనొద్దని కూడా చెప్పాను. బదులుగా మూత్రం పోస్తున్నట్టు తొయ్యమంది. ప్రోస్టేట్ దగ్గర ఆ తోసిన క్షణంలోనే దూరిపోయింది. నొప్పి లేదనను, కానీ రక్తం రాలేదు, మందు వాయిదా పడలేదు.

మల్లి:
వానచినుకూ, అమ్మ ఇంట్లో తనే వేసుకోవడం నేర్చుకుంటుందా?

వానచినుకు:
లేదక్కా, ససేమిరా అంటోంది. నాతో వేయించుకోవడానికి సిగ్గు, తను వేసుకోవడానికి భయం. క్లినిక్‌లోనే వేయించుకుంటానంటోంది. ఇప్పుడు వారం వారం పోయి నెలకోసారి అయింది కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాదు. మందు ఆపేయమనే మాట మాత్రం ఇంక రాలేదు.